నా బదులు కూర్చునే మిషన్

నవ్వాలనుకుంటే నవ్వండి, కానీ చివరిదాకా విన్నాక నవ్వండి. మధ్యలో నవ్వితే ఎక్కడిదాకా చెప్పానో మరిచిపోతాను.

మీరందరూ నన్ను అడిగేది ఒకటే. "సారంగపాణీ, దుకాణం కట్టేసి ఇంటిదాక పోయినోనివి ఇంట్లకు పోవు, గేటు ముంగట కార్లనే కూసుంటవ్. ఏందిరా నీ బాధ?" అని. స్టీలు సామాన్లు అమ్ముకునేవాడికి బాధలేముంటాయని మీ ఉద్దేశం కాబోలు. సరే, ఇవాళ చెప్తాను. పోయిన ఏడాది, అంటే ఎనభై ఆరులో, మా ఆవిడ నుంచి రోజుకు మూడు నిమిషాలు తప్పించుకోవడానికి నేనొక మిషన్ కొన్నాను. బాధంతా అక్కడ మొదలైంది.

ముందు కారు సంగతి. పైనుంచి చూస్తే అది తెల్ల అంబాసిడర్, మన వరంగల్ చౌరస్తాలో రోజూ కనబడేదే. బానెట్ ఎత్తితే మాత్రం లోపల జపాన్ ఇంజన్. దాన్ని హైదరాబాద్ పాత ఇనుప సామాన్ల బజారులో ఏరి తెచ్చి బిగించినవాడు ములుగు రోడ్డు మెకానిక్ మల్లికార్జున్. అందరూ అతన్ని జపాన్ మల్లికార్జున్ అంటారు. జపాన్ ఏ దిక్కున ఉందని అడిగితే సికింద్రాబాద్ వైపు చెయ్యి చూపిస్తాడు.

బండి అప్పజెప్పిన రోజు అతను నాకు పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు.

"సేట్, ఇది మామూలు డీజిల్ ఇంజన్ కాదు. టర్బో. లోపట ఒక చిన్న చక్రం ఉంటది, గిర్రున తిరుగుతది. బండి ఆగంగనే తాళం తీసినవనుకో, దానికి నూనె అందక మాడిపోతది. ఇంటికి వచ్చినంక మూడు నిమిషాలు ఇంజన్ నడవనియ్యాలె. సల్లవడ్డంక బంద్ చెయ్యాలె."

"గా మూడు నిమిషాలు నేనేం చెయ్యాలె?"

"ఏం చెయ్యొద్దు సేట్. ఊకె కూసోవాలె."

ఊరికే కూర్చోవడం నాకు దుకాణంలో బాగా అలవాటైన పనే కాబట్టి సరేనన్నాను.

ఇక ఇంటి సంగతి. మట్టెవాడలో మాది ఉమ్మడి కాపురం. మా అమ్మ లక్ష్మీనర్సమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు, మరదళ్ళు, పిల్లలు, నేను, మా ఆవిడ సుగుణ. మాకంటూ ఒక గది ఉంది గానీ అందులో సగం అమ్ముడుపోని ఇత్తడి బిందెలు, మిగతా సగం పిల్లలు. మా అమ్మకు చూపు మందగించింది. ఆ లోటు చెవులు తీర్చాయి. వంటింట్లో గరిటె కింద పడితే అది ఏ కోడలి చేతిలోంచి పడిందో వాకిట్లో కూర్చుని చెప్పగలదు.

అటువంటి ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవాలంటే పదిమందీ వినదగ్గ మాటలే మాట్లాడుకోవాలి. పెళ్ళయిన నాటి నుంచీ మేం ఉప్పు, పప్పు, పిల్లల ఫీజులు మాట్లాడుకున్నాం. ఎప్పుడైనా పండుగొస్తే నూనె కూడా మాట్లాడుకున్నాం.

కారు వచ్చిన మొదటి సాయంత్రం నేను గేటు ముందు ఆపి, మల్లికార్జున్ చెప్పినట్టు ఇంజన్ నడుస్తుండగా కూర్చున్నాను. సుగుణ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. లోపలికి రాకుండా ఏం చేస్తున్నానని అడిగింది. టర్బో కథ చెప్పాను. ఆమె కాసేపు ఇంజన్ మోత విని, అటు తిరిగి వచ్చి, పక్క తలుపు తీసుకుని నా పక్క సీట్లో కూర్చుంది. అద్దం పైకి ఎత్తింది.

"ఇక్కడ మాట్లాడితే అత్తమ్మకు ఇనబడ్తదా?" అని అడిగింది.

"ఈ మోతల నువ్వు మాట్లాడింది నాకే ఇనబడ్తలేదు."

"మీకు ఎన్నడు ఇనబడ్డది గనుక" అని ఆమె సీటుకు వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఆ కూర్చోవడంలో ఏముందో అప్పుడు నాకు తెలియలేదు. సొంత ఇంట్లో గృహప్రవేశం చేసిన మనిషి అలా కూర్చుంటుంది.

ఆ రోజు నుంచి రోజూ అదే తంతు. హారన్ కొట్టగానే గ్లాసు పట్టుకుని వచ్చేది. తలుపు వేసేది. ఇక మొదలు. చిన్న మరదలు కొబ్బరినూనె సీసా దాచుకున్నదట. పెద్ద మరదలు పనిలోకి దిగేవేళకు తలనొప్పి తెచ్చుకుంటున్నదట. తాను చేసిన పప్పును అత్తమ్మ పెద్ద మరదలు చేసిందనుకుని మెచ్చుకున్నదట, తర్వాత తెలిసి ఉప్పెక్కువైందన్నదట. రేడియోలో వార్తలు చదివే ఆమెకైనా మధ్యలో ఊపిరి తీసుకునే అలవాటుంది. సుగుణకు మూడు నిమిషాల్లో అంత తీరిక ఉండేది కాదు.

వార్తలన్నీ అయ్యాక చివర ఎప్పుడూ ఒకటే మాట ఉండేది.

"పాలకుర్తి ఎన్నడు పోదం?"

ఇది కొంచెం చెప్పాలి. అప్పటికి రెండేళ్ళ కింద మా చిన్నవాడికి టైఫాయిడ్ వచ్చి దవాఖానాలో పడ్డప్పుడు ఆమె మొక్కుకుంది. వాడు లేచి తిరిగితే దంపతులిద్దరం పాలకుర్తి గుట్టెక్కి, పైన గుళ్ళో కొబ్బరికాయ కొడతామని. వాడు లేచి తిరిగాడు. ఇప్పుడు వాడు తిరగని సందు లేదు. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది.

పోలేదా అంటే పోయాం. కారు వచ్చిన కొత్తలో పాలకుర్తి అనగానే ఇంటిల్లిపాదీ తయారయ్యారు. వెనక ఆరుగురు, ముందు నలుగురు, డిక్కీలో వంట సామాను. అందరూ సర్దుకునేసరికి మొక్కున్న మనిషికే చోటు లేకపోయింది. "నేను ఇంటికాడ ఉంటలెండ్రి" అని సుగుణ గేటు వేసుకుంది. సాయంత్రం మేమంతా ప్రసాదం తెచ్చి ఆమె చేతిలో పెట్టాం. ఆమె కళ్ళకద్దుకుని నోట్లో వేసుకుంది. నేను ఆ పూట చాలా బాగా నిద్రపోయాను. ఎలా నిద్రపోయానా అని ఇప్పుడు అనిపిస్తుంది.

అందుకని ఆమె రోజూ అడిగేది. "ఈసారి మనిద్దరమే. ఎవ్వరికి చెప్పొద్దు. పొద్దుగాల పోయి మాపటిల్లి వద్దం." నేను రోజూ రేపు చూద్దామనేవాణ్ణి. దుకాణంలో పొద్దంతా గిరాకీతో మాట్లాడి వచ్చినవాడికి ఇంటి ముందు ఇంకో గిరాకీ కూర్చుంటే ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. మూడు నిమిషాల్లో టర్బో చల్లబడేది, నా తల వేడెక్కేది.

ఒకరోజు మల్లికార్జున్ దగ్గర గోడు వెళ్ళబోసుకున్నాను. అసలు కారణం చెప్పలేదులెండి. పనులున్నవాణ్ణి, రోజూ కూర్చోవడం కుదరడం లేదన్నాను.

"గంతేనా సేట్" అని అతను పెట్టె వెతికి అరచేతిలో పట్టేంత డబ్బా ఒకటి తీశాడు. ముందువైపు ఎర్రటి అంకెలు. "ఇది టర్బో టైమర్. ఇంజనుతోటే వచ్చింది, ఎవరు అడుగుతరు లెమ్మని పక్కకు వెట్టిన. ఇది వెడితే నువ్వు తాళం తీసుకొని ఇంట్లకు పో. ఇంజన్ దానంతట అదే మూడు నిమిషాలు నడిచి, దానంతట అదే బందయితది."

ఆ డబ్బాకు అక్కడే దండం పెట్టాను.

ఆ సాయంత్రం సుగుణ గ్లాసుతో వచ్చేసరికి నేను తాళం జేబులో వేసుకుని దిగి నిలబడ్డాను. వెనక కారు తనపాటికి తాను గుడుగుడుమంటోంది. ఎర్ర అంకెలు తగ్గుతున్నాయి.

"చూసినవా? ఇగ నువ్వు బయటికి రానవసరం లేదు. మన బదులు మిషనే కూసుంటది" అన్నాను.

ఆమె కారులోకి తొంగి చూసింది.

"కూసుంటది. మరి ఇంటదా?"

"ఏం ఇనాలె?"

"ఏం లేదు, నీళ్ళు తాగుండ్రి" అని గ్లాసు ఇచ్చి లోపలికి పోయింది. నేను నీళ్ళు తాగాను. చల్లగా ఉన్నాయనుకున్నాను, అంతే.

మనిషి లేకుండా, తాళం లేకుండా నడిచే కారును చూసి మా వాడ అదిరిపోయింది. మాకు పాలు పోసే యాకమ్మ ఎదురింటి మనిషి. ఆమెకు ఒక మాట చెప్తే పొద్దెక్కేలోపు హనుమకొండ దాకా చేరుతుంది. సావుకారి బండికి గాలి సోకిందని ఆమె మర్నాడే బంపరుకు నిమ్మకాయ కట్టించింది. నాలుగు రోజులకు అందరికీ అలవాటైపోయింది. ఖాళీ కారు గుడుగుడుమంటుంటే ఎవరూ తల తిప్పి చూడడం మానేశారు.

మా అమ్మకు మాత్రం కొత్త భయం పట్టుకుంది.

"తాళం లేకుంట నడిచే బండికి దొంగ వస్తె తాళం ఎందుకురా? ఎక్కి కూసుంటె సాలు" అన్నది.

అమ్మ మాటలో న్యాయముంది. మళ్ళీ మల్లికార్జున్ దగ్గరికి పోతానంటే సుగుణ వంటింటి గడప దగ్గర నిలబడి మెల్లగా అన్నది.

"గంత తతంగం ఎందుకు? ఎప్పటి తీరు నేను పోయి కూసుంట. నేనున్నంక దొంగ వస్తడా?"

రాడు, నిజమే. నేను కూడా రాను. ఆ మాట పైకి అననందుకు దేవుడికి దండం పెట్టుకోవాలి. "నీకెందుకు శ్రమ" అని మర్యాదగా చెప్పి వెళ్ళిపోయాను.

ఈసారి మల్లికార్జున్ రెండు బిగించాడు. ఒకటి అలారం. ఇంకోటి చోర్ స్విచ్. నేను తాళం తీసుకుని దిగి తలుపు వేశాక, ఇంజన్ ఇంకా నడుస్తుండగా ఎవడైనా మళ్ళీ తలుపు తెరిస్తే సైరన్ మోగుతుంది, చోర్ స్విచ్ ఇంజన్‌ను అక్కడికక్కడ ఆపేస్తుంది. సైరన్ నోరు మూయించడానికి డ్యాష్‌బోర్డు కింద ఒక మీట ఉంది. ఇంజన్ మాత్రం మళ్ళీ అతను వచ్చి వైరు కలిపితే తప్ప కదలదు.

"నా బండే అయినా కదలదా?"

"నీ బండి అని దానికెట్ల తెలుస్తది సేట్?"

మోత ఎలా ఉంటుందో వినిపించమన్నాను. వినిపించాడు. మన బట్టల మిల్లు కూత ఉంటుంది చూడండి, షిఫ్టుకు పిలిచేది, సరిగ్గా అదే గొంతు. షెడ్డు పక్క హోటల్లో చాయ్ తాగుతున్న ఇద్దరు కార్మికులు గ్లాసులు పెట్టేసి లేచి నిలబడ్డారు. నాకు భలే నచ్చింది.

అప్పటి నుంచి మా ఇంట్లో సుఖమే సుఖం. నేను రావడం, తాళం తీయడం, లోపలికి పోవడం. అంకెలు సున్నా అయ్యేదాకా ఆ తలుపు ముట్టుకునే అవసరం ఎవరికీ రాలేదు. సుగుణ గేటు దగ్గరికి రావడం మానేసింది. నీళ్ళ గ్లాసు గూట్లో మూతపెట్టి ఉండేది. ఆమె నాతో ఉప్పు, పప్పు, పిల్లల ఫీజులు మాట్లాడేది. మొదట్లో ఆహా అనుకున్నాను. కొన్నాళ్ళకు ఏదో వెలితిగా అనిపించింది. చిన్న మరదలు కొబ్బరినూనె సీసా ఏమైందో నాకు తెలియకుండా పోయింది. మీరు నమ్మరు, దాని గురించి దుకాణంలో కూర్చుని ఆలోచించాను.

కార్తీకం వచ్చింది. ఒకనాడు అన్నం వడ్డిస్తూ, అమ్మ దగ్గుతున్న సందు చూసుకుని సుగుణ ఒక్క మాట అన్నది.

"సోమవారం పోదమా, వద్దా? ఇగ అడుగ."

ఇక అడగనన్న మాట విని చేతిలో ముద్ద కంచంలోనే పెట్టేశాను. పోదామన్నాను.

ఇద్దరం కలిసి ఎత్తు వేశాం. పన్నెండేళ్ళ కాపురంలో మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని అదే అనుకుంటాను. సోమవారం తెల్లవారుజామున నేను సరుకు కోసం స్టేషన్ ఘన్‌పూర్ పోతున్నానని అమ్మకు చెప్పాలి. అబద్ధం కూడా కాదు, పాలకుర్తికి దారి అదే. యాకమ్మ పాలు పోసి పోగానే, అందరూ లేవకముందే, సుగుణ మెల్లగా వచ్చి కారెక్కాలి.

అంతా కుదిరింది గానీ పంచాంగం కుదరలేదు. మంచి గడియ యాకమ్మ పాలు తేవడానికి ముందే అయిపోతోంది. ఆ తర్వాతంతా వర్జ్యం.

"ఆ గడియల్నే బయలెల్లాలె. లేకుంటె నేను రాను. పిల్లగాని మొక్కు" అన్నది సుగుణ.

"అయితే ప్రస్థానం పెడదం."

మనవాళ్ళకు తెలియనిదేముంది. మంచి గడియలో మనిషి కదలలేకపోతే సంచిని ముందు గడప దాటిస్తాం. ఎదురింట్లోనో పక్కింట్లోనో పెట్టి వస్తే ప్రయాణం మొదలైనట్టే. ఒకసారి దాటిన సంచిని మళ్ళీ వెనక్కి తేకూడదు. పని పూర్తి కాకుండా మనిషీ వెనక్కి రాకూడదు.

"ఎదురింట్ల యాకమ్మ ఉన్నది. ఆమె కాడ పెడితె మనకంటె ముందు మన సంగతి పాలకుర్తికి చేరుతది" అన్నది సుగుణ.

అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. నాకు వచ్చే ఆలోచనలన్నీ అలాంటివే, వెలుగు ముందు, పిడుగు తర్వాత.

"సంచిని కార్ల పెడదం. మంచి గడియల ఇంజన్ స్టార్ట్ చేస్త. తాళం తీసుకొని లోపలికి వస్త. టైమర్ ఉన్నది గదా, బండి నడుస్తనే ఉంటది. బండి నడుస్తాంది, సంచి అండ్ల ఉన్నది. ప్రయాణం మొదలైనట్టా, కాదా?"

"బండి యాడ నడుస్తాంది, నిలవడి గురకవెడ్తాంది" అన్నది గానీ ఆమె పెదవి కొసన నవ్వు కనబడింది. చాలా రోజులకు చూశాను. "మరి మీరు కార్లనే కూసోరాదుండ్రి?"

"నేను కూసుంటె ఎవరి కోసం కూసున్నవని అడుగుతరు. ఖాళీ బండి గురకవెడితె ఎవ్వరు అడుగరు. చూసినవా, ఈ మిషన్ ఎంత పనికొస్తాందో."

ఆ మిషన్‌ను ఆమె ముందు గెలిపించాలని నాకెందుకు అంత పట్టుదలో తెలియదు. మల్లికార్జున్‌తో టైమర్‌ను పది నిమిషాలకు పెట్టించాను. మరిపెడలో అత్తగారింటికి పోతున్నానని, రెండు రోజుల దాకా రానని అతను చెప్పాడు. నేను శుభం అన్నాను.

సోమవారం వచ్చింది. ఇంకా చీకటి పూర్తిగా విడలేదు. సంచిలో కొబ్బరికాయలు, ఆమె పట్టుచీర, నా పట్టుకండువా. మంచి గడియలో సంచిని ముందు సీట్లో పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేసి, తాళం తీసుకుని లోపలికి వచ్చాను. వెనక కారు గుడుగుడుమంటోంది. యాకమ్మ వచ్చి పాలు పోసింది, ఖాళీ కారు వైపు చూడను కూడా చూడకుండా పోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను. కిటికీలోంచి సుగుణకు సైగ చేశాను.

ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని, కొంగు నిండుగా కప్పుకుని, పిల్లిలా వాకిలి దాటింది. గేటు చప్పుడు కాకుండా తీసింది. కారు పక్క తలుపు పట్టుకుంది. ఆ సీట్లో ఆమె కూర్చుని నెలలైంది. తలుపు తెరిచింది.

మల్లికార్జున్ టైమర్‌ను ఒక రోజు బిగించాడు, అలారాన్ని ఇంకో రోజు బిగించాడు. రెండూ దేనికది బాగానే పనిచేస్తాయి. తాళం లేకుండా ఇంజన్ నడుస్తోంది, ఎవరో తలుపు తీశారు. అలారానికి ఇంకేం కావాలి?

మిల్లు కూసింది.

సైరన్‌తో పాటు ఇంజన్ గక్కున ఆగింది. మట్టెవాడ మొత్తం లేచింది. కుక్కలు లేచాయి. యాకమ్మ మొగుడు పోశయ్య మిల్లులో పనిచేస్తాడు. షిఫ్టుకు ఆలస్యమైపోయిందని అంగీ తిరగేసి తొడుక్కుని, ఖాళీ టిఫిన్ డబ్బా పట్టుకుని పరుగెత్తాడు. అతన్ని చూసి ఇంకో నలుగురు పరుగెత్తారు. నేను పంచె ఎగగట్టుకుని వచ్చి, కారులో తలదూర్చి, మీట కోసం డ్యాష్‌బోర్డు కింద తడుముతున్నాను. మొదట వైపర్లు తిరిగాయి. తర్వాత లైట్లు వెలిగాయి. ఆ లైట్ల వెలుగులో, ఒక కాలు కారులో ఒక కాలు బయట పెట్టి నిలబడ్డ సుగుణ అందరికీ స్పష్టంగా కనబడింది.

మీట దొరికేసరికి మా అమ్మ గేటు దగ్గరికి వచ్చింది. వెనక తమ్ముళ్ళు, మరదళ్ళు, పిల్లలు.

"ఏందిరా ఇది?"

"అమ్మా, దొంగ అనుకొని మోగింది. నేను ఘన్‌పూర్ పోతాన్న గదా."

"నువ్వు పోతాన్నవ్ సరే. సుగుణ ఎందుకున్నది ఈడ?"

ఇక్కడ నేనొక మాట అన్నాను. ఇప్పటిదాకా చెప్పినవన్నీ నవ్వుకోవడానికే. ఈ ఒక్క మాట కాదు. "మొక్కు తీర్చడానికి ఇద్దరం పోతున్నాం" అంటే అయిపోయేది. నాలుగంటే నాలుగే మాటలు. నా నోటికి అవి రాలేదు.

"నాకెర్కలే అమ్మా. దొంగ వడ్డడనుకొని బయటికొచ్చినట్టున్నది" అన్నాను.

సుగుణ నా వైపు చూసింది. కోపంగా చూసి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి. ఆమె మామూలుగా చూసింది. దుకాణంలో పాత్ర నచ్చక కింద పెట్టేసేవాళ్ళు చూసినట్టు.

"చెప్పులు చేతుల పట్టుకొని దొంగను పట్టవచ్చిందా?" అన్నది మా అమ్మ. కళ్ళు కనబడవని ఎవరన్నారో గానీ.

అప్పుడు సుగుణ చెప్పులు కింద వేసి తొడుక్కుంది. ముందు సీట్లోంచి సంచి తీసుకుని భుజానికి వేసుకుంది.

"అత్తమ్మా, పిల్లగానికి జరమొచ్చినప్పుడు పాలకుర్తికి మొక్కిన. ఇద్దరమే గుట్టెక్కుతమని. రెండేండ్ల సంది అడుగుతాన్న. ఇయ్యాల తీస్కపోతనన్నరు. మీకు చెప్పకుంట పోతాన్న, అది నా తప్పే. కని ప్రస్థానం అయింది. సంచి ఇంట్లకు తిరిగి రావద్దు, నేను గూడ రాను. బస్సుకు పోయి వస్త."

అంతమంది ముందు ఆమె అంతసేపు మాట్లాడడం ఎవరం వినలేదు. ఈ మాటలన్నీ అదే క్రమంలో నేను మూడు నిమిషాల చొప్పున ఎన్నోసార్లు విన్నాను.

అమ్మ గేటు పట్టుకుని ఒక అడుగు ముందుకు వేసింది. అరుస్తుందని మరదళ్ళు సంతోషంగా ఎదురుచూస్తున్నారు.

"అందరం పోయిన్నాడు నేను గూడ గుట్టెక్కలే" అన్నది చివరికి. "కింద చెప్పులకాడ కావలి కూసున్న. వీళ్ళ నాయిన ఉన్నప్పుడు గూడ గంతే. వచ్చే ఏడు, వచ్చే ఏడు అన్నడు, పోయిండు. ఆగు బిడ్డా, నేనొస్త. ఆ సంచి ఇటియ్యి, నీ నడుము ఇప్పటికే వంగింది."

"అమ్మా, నేను గూడ వస్త. ముగ్గురం బస్సుకే పోదం" అన్నాను.

"నువ్వొస్తె బండిని ఎవరు కాస్తరు? దొంగలుంటరు" అన్నది అమ్మ.

ఇద్దరూ సందు చివర రిక్షా ఎక్కి బస్టాండుకు పోయారు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎక్కడం కనబడింది. నేను బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. ఇంజన్ అప్పటికే పూర్తిగా చల్లబడింది. మిల్లు గేటు దాకా పోయి తిరిగొచ్చిన పోశయ్య నన్ను జాలిగా చూసి, ఖాళీ టిఫిన్ డబ్బా ఊపుకుంటూ ఇంట్లోకి పోయాడు.

చీకటి పడే వేళకు వాళ్ళు వచ్చారు. ఇద్దరి నుదుటా విభూతి, ఇద్దరి మొహాల్లోనూ నవ్వు. బస్సులో కండక్టర్ అమ్మను ఏదో అన్నాడట, అమ్మ తిరిగి ఏదో అన్నదట, బస్సంతా నవ్విందట. ఏమన్నదో నాకు చెప్పలేదు. ఒకరు మొదలుపెట్టగానే ఇంకొకరు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటున్నారు.

"మరి దంపతుల మొక్కు గదా, ఎట్ల చేసిన్రు?" అని అడిగాను.

"అయ్యగారు గూడ గదే అడిగిండు. మీ ఆయన ఏడి అని" అన్నది సుగుణ. "సంచిల మీ కండువా ఉన్నది. దాన్ని పక్కకు పెట్టుకోమన్నడు. పెట్టుకున్న. మొక్కు తీరింది."

నా బదులు నా కండువా గుట్టెక్కింది. ఆమె పక్కన కూర్చుంది, కొబ్బరికాయ కొట్టించుకుంది, హారతి తీసుకుంది. నాకు ప్రసాదం ఇచ్చారు. కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను. గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. పోయినసారి ఆమెకు ఎలా దిగిందో అడగాలనిపించింది గానీ అడిగే మొహం లేదు.

మల్లికార్జున్ మరిపెడ నుంచి వచ్చాక మీద పడి తిట్టాను. అతను బీడీ వెలిగించుకుని అంతా విన్నాడు.

"సేట్, వైరింగుల ఏం తప్పు లేదు. దొంగతనంగ పోయేటోళ్ళను పట్టుకునుడే గదా అలారం పని. పట్టుకున్నది."

వైరు కలపమన్నాను. టైమర్ పీకేయమన్నాను. అలారమూ చోర్ స్విచ్చూ కూడా పీకేయమన్నాను. మంచి సామాను పాడుచేసుకుంటున్నానని అతను బాధపడ్డాడు.

ఆ రోజు నుంచి సాయంత్రం మళ్ళీ నేనే కూర్చుంటున్నాను. హారన్ కొడతాను. ఎవరూ రారు. సుగుణకు ఇప్పుడు బయటికి వచ్చే అవసరం లేదు. చెప్పుకోవలసినవన్నీ అత్తమ్మకే చెప్పుకుంటుంది. వంటింట్లో ఇద్దరూ పీటలు వేసుకుని కూర్చుంటారు. మరదళ్ళు అల్లాడిపోతున్నారు. ఆ కచేరీలో నా మీద కూడా ఫిర్యాదులు ఉంటాయని నాకు తెలుసు. అవి వినడానికి నాకు పిలుపు లేదు, అంతే. ఆ కొబ్బరినూనె సీసా సంగతి ఇప్పటికీ నాకు తెలియదు.

నిన్న సాయంత్రం మాత్రం హారన్ కొడితే సుగుణ వచ్చింది. చేతిలో నీళ్ళ గ్లాసు. నేను గబుక్కున పక్క తలుపు తెరిచాను. సీటు కూడా చేత్తో దులిపాను.

"టైమర్ తీసేయించిన సుగుణా" అన్నాను. "ఇగ మిషన్ లేదు. అన్నీ పీకేయించిన."

ఆమె గ్లాసు కిటికీలోంచి అందించింది. ఎర్ర అంకెలు ఉండే చోట మిగిలిన రంధ్రం వైపు చూసింది. తెరిచిన తలుపు వైపు కూడా చూసింది.

"మంచిగ చేసిన్రు" అన్నది. "అయితె ఇగ మీరే కూసోండ్రి."

తలుపు మెల్లగా వేసి లోపలికి పోయింది. నేను నీళ్ళు తాగాను. మూడు నిమిషాలు ఎప్పుడో అయిపోయాయి. ఇంజన్ ఆపేస్తే వంటింట్లో వాళ్ళేం మాట్లాడుకుంటున్నారో వినబడుతుంది. ఆపేస్తే మరి అక్కడ కూర్చోవడానికి నాకు కారణం ఉండదు. పక్క తలుపు గడియ తీసిపెట్టి, ఇంజన్ నడుస్తుండగా అలాగే కూర్చున్నాను.